ఒసేయ్ అనిపించుకున్న రోజు

ఈ మధ్య మమ్మల్ని సభలకు పిలుస్తున్నారు. వేదిక మీద కూర్చోబెట్టి, శాలువా కప్పి, మైకు చేతికిచ్చి, "మీ బాధలు చెప్పండమ్మా" అంటారు. బాధలు పూర్తయ్యేదాకా టిఫిను రాదు. మొన్నొకసారి రాజమండ్రిలో అలాంటి సభకే వెళ్ళాం, నేనూ నా స్నేహితురాలూ. ఆవిడ దర్జీ పని చేసి రిటైరైంది, నేను వంట పని చేసి రిటైరయ్యాను. "యుద్ధాన్ని కళ్ళారా చూసిన ట్రాన్స్‌జెండర్ మహిళలు" అని మమ్మల్ని పరిచయం చేశారు. ముందు వరుసలో కాలేజీ పిల్లలు కర్చీఫులు సిద్ధం చేసుకున్నారు. నేను లేచి, "ఆ యుద్ధంలో మొట్టమొదట నష్టపోయింది నేను నానబెట్టిన మినప్పప్పండి" అన్నాను. ఎవరో కిసుక్కున నవ్వారు. నిర్వాహకురాలు గారు కంగారుపడి, "కొంచెం బాధగా చెప్పండమ్మా" అని నా చెవిలో అన్నారు. నాకు చేతకాలేదు. మైకు పక్కావిడకు వెళ్ళిపోయింది.

అందుకే ఇక్కడ రాస్తున్నాను. చేతిలోంచి కాగితం ఎవరూ లాక్కోరు. ఆ రోజు పొడి కర్చీఫులతో నిరాశగా ఇంటికి వెళ్ళిన పిల్లలూ, ఇది మీ కోసమే. ఉప్మా మాత్రం బాగుంది, ఆ సంగతి కృతజ్ఞతతో చెప్పుకోవాలి.

ముందు నా చదువు సంగతి. మాది నిడదవోలులో కిరాణా కొట్టు. మూడో తరగతిలో ఉండగా నా నడక మీద మాస్టారికీ పిల్లలకీ ఒకే అభిప్రాయం కుదిరింది. ఆ ఐకమత్యం చూసి మా అమ్మ నన్ను బడి మాన్పించింది. పొట్లాలు కట్టే పాత పేపర్లు ముందేసుకుని తనే చదవడం నేర్పింది. చింతపండు పొట్లంలో సగం వార్త, బెల్లం పొట్లంలో సగం కథ. ఏదీ చివరిదాకా ఉండేది కాదు. ఈ దేశంలో ఏ దొంగా దొరికినట్టు నేను చదవలేదు. సాయంత్రం దీపం పెట్టాక పిఠాపురం పురుహూతికా అమ్మవారి పటం ముందు కూర్చోబెట్టి, "ఇవాళ జరిగిన మంచి ఒకటి చెప్పి దండం పెట్టుకో" అనేది. ఏ మంచీ జరగలేదంటే, "వెతుకు" అనేది. ఆ వెతుకులాట నేను ఇప్పటికీ మానలేదు. ఈ రాతలో అక్కడక్కడా ఎవరికో ఒకరికి కృతజ్ఞత చెబుతుంటాను. వెటకారం అనుకోకండి. అనుకున్నా పెద్ద తప్పులేదు.

మా చిన్నప్పుడు మమ్మల్ని పిలవడానికి నలుగురిలో పలకదగ్గ మాట ఒక్కటీ లేదు. పలకకూడనివి మాత్రం ఊరికొకటి చొప్పున ఉండేవి. ఆ రోజుల్లో నన్ను కాపాడింది తెలుగు భాషే. "వచ్చాను" అంటే ఆడో మగో ఎవరికీ తెలియదు. హిందీలో అలా కాదు, వచ్చానని చెప్పాలంటే ముందు ఆడో మగో తేల్చుకుని నోరు తెరవాలి. కువైట్లో ఉన్నన్నాళ్ళూ నాకు హిందీ రాదని చెప్పుకున్నది అందుకే. మన గోదావరి జిల్లాల "అండి" అయితే మరీ గొప్పది. మగవాళ్ళకూ అండి, ఆడవాళ్ళకూ అండి. నేను చీర కట్టుకోక ముందు కట్టుకున్న చీర ఆ అండియే.

చిక్కంతా చనువు దగ్గర వచ్చేది. చనువుంటే మగవాణ్ణి "ఒరేయ్" అంటారు, ఆడదాన్ని "ఒసేయ్" అంటారు. నాకు ఒరేయ్‌లు కావలసినన్ని దొరికాయి. ఒసేయ్ ఒక్కటీ దొరకలేదు. నేనూ నా దర్జీ స్నేహితురాలూ గదిలో తలుపేసుకుని ఒకర్నొకరు అనుకునేవాళ్ళం గానీ, అది మన విస్తట్లో మనమే వడ్డించుకున్నట్టు. పరాయి ఆడమనిషి ఒకత్తె, నేను అడక్కుండా, నలుగురిలో, కోపంగా నన్ను ఒసేయ్ అనాలని నా కోరిక. "ఛీ, ఆ మాట అంటే మేము పోట్లాడతాం, మీకది కావాలా?" అని ఈ కాలపు అమ్మాయిలు అడుగుతారు. కావాలమ్మా. మీరు వద్దని పారేసినవి ఏరుకుని దాచుకునే వాళ్ళం మేము.

పెళ్ళిళ్ళ వంటల్లో చేయి తిరిగాక నరసాపురం ఏజెంటు ఒకాయన నన్ను కువైట్ పంపాడు, ప్యాంటూ చొక్కాతో, పాస్‌పోర్టు ఫోటోలో మీసంతో. ఆ మీసం పెంచడానికి నేను పడ్డ యాతన అమ్మవారికే ఎరుక. అక్కడ మనవాళ్ళుండే క్యాంపులో మెస్సు వంట నాది. మెస్సులో పాలకొల్లు వైపు లారీ డ్రైవరు ఒకాయన ఉండేవాడు. మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే, "ఒరేయ్ వంటోడా! ఉప్పేదిరా?" అని గావుకేక పెట్టేవాడు. ఉప్పు సరిపోయినా అంతే. నేను గరిటె ఎక్కడిదక్కడ పడేసి, "వస్తున్నానండీ!" అని ఉప్పు డబ్బాతో పరిగెత్తాలి. పరిగెత్తేటప్పుడు నా నడుము చూసి బల్లంతా నవ్వాలి. రోజూ జరిగే కార్యక్రమం ఇది. ఆ కేకకు నా ఒళ్ళు ఎంత అలవాటు పడిందంటే, నిద్రలో వినబడినా లేచి డబ్బా కోసం తడుముకునేదాన్ని. పెద్ద కంపెనీల్లో ట్రైనింగు అని డబ్బులు పోసి చేయించేది ఇదేనట.

దర్జీ అక్కడికి దగ్గర్లోనే ఒక లేడీస్ టైలరింగ్ షాపులో పని చేసేది, మగ దర్జీగానే. సముద్రం మీద చేపలు పట్టే కుటుంబం వాళ్ళది. పడవెక్కమంటే కుట్టు మిషను ఎక్కిందని ఇంట్లోంచి పంపించేశారు. శుక్రవారం శుక్రవారం నా గదికొచ్చి, మిగిలిన ముక్కలతో కుట్టిన జాకెట్టు నాకు తొడిగి, నా భుజాలు బాగాలేవని నన్నే తిట్టేది.

ఆ షాపుకు మొగల్తూరు దగ్గర సముద్రపు ఒడ్డు నుంచి వచ్చిన ఒకావిడ జాకెట్లు కుట్టించుకోవడానికి వచ్చేది. ఊళ్ళో చేపల గంప మోసి మోసి, కువైట్లో ఒక అరబ్బుల ఇంట్లో పనికి కుదిరింది. ఒడ్డున నిలబడి పిలిస్తే పడవలో ఉన్నవాడు తెడ్డు ఆపే గొంతు ఆవిడది. మమ్మల్ని మాత్రం "ఏమయ్యా టైలరూ", "ఏం బాబూ" అని మర్యాదగానే పలకరించేది. ఆ మర్యాదే నాకు గుచ్చుకునేది.

ఇక యుద్ధం. తొంభయ్యో సంవత్సరం ఆగస్టులో ఒక ఉదయం, గారెలకని నానబెట్టిన మినప్పప్పు రుబ్బుదామని గ్రైండరు మీట నొక్కాను. కరెంటు లేదు. కరెంటే కాదు, బయటికొచ్చి చూస్తే దేశమే లేదు. వీధిలో ఇరాక్ ట్యాంకులు. కాసేపటికి తుపాకులతో సైనికులు మెస్సులోకొచ్చి బియ్యం బస్తాలు భుజానేసుకుని, పప్పు గిన్నె కూడా ఎత్తుకుని, వెళ్తూ వెళ్తూ నాకు థాంక్స్ చెప్పారు. మా మెస్సులో ఏళ్ళ తరబడి తిన్నవాళ్ళెవరికీ నోరు తిరగని మాట అది. మా యజమాని ఇంకా గొప్పవాడు. మా పాస్‌పోర్టులన్నీ బీరువాలో పెట్టి తాళం వేసి, తాళంతో సహా సౌదీ పారిపోయాడు. ఆయన మేలు ఈ జన్మలో మరిచిపోలేను. ఎందుకో ముందు ముందు మీకే తెలుస్తుంది.

కొన్నాళ్ళు కాచుకుని, మెస్సువాళ్ళూ, మొగల్తూరావిడా, మేమూ దొరికిన బస్సులు ఎక్కి ఇరాక్ మీదుగా జోర్డాన్ సరిహద్దుకు చేరాం. ఎడారిలో ఎటు చూసినా డేరాలు. దేశాలకు దేశాలే తలకిందులైనా ఒక గీత మాత్రం చెక్కుచెదరలేదు: కుటుంబాలు ఒక వైపు, ఆడవాళ్ళు ఒక వైపు, ఒంటరి మగవాళ్ళు ఒక వైపు. మమ్మల్ని మగవాళ్ళ డేరాలో పడేశారు. చీకటి పడ్డాక మా పక్కన చోటు అడిగేవాళ్ళకు కొదవలేదు. ఒకరు నిద్రపోతే ఒకరం మేలుకుని కూర్చునేవాళ్ళం. ఈ సంగతి ఇంతకంటే రాయను. కర్చీఫుల పిల్లలు క్షమించాలి.

అక్కడ దర్జీకి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి, మీద జ్వరం. నీళ్ళు పోస్తే నిలవలేదు. కళ్ళు గుంటలు పడ్డాయి. డాక్టరు గారు చూసి, "ఇక్కడే ఉంటే బతకడం కష్టం. త్వరగా విమానం ఎక్కించండి" అన్నారు. ఎవరికి చెప్పారో నాకు అర్థం కాలేదు, పక్కన నేనొక్కదాన్నే ఉన్నాను. విమానాల్లో ముందు ఆడవాళ్ళు, పిల్లలు. ఒంటరి మగవాళ్ళ వంతు ఎప్పుడొస్తుందో చెప్పే నాథుడు లేడు. మా డేరాల వైపు నుంచి అప్పటికే ఒకరిని దుప్పటి కప్పి మోసుకుపోవడం చూశాను.

పాస్‌పోర్టు లేనివాళ్ళకు అక్కడికక్కడే ప్రయాణానికి ఒక కాగితం రాసిచ్చేవారు. రాసేది మన తెలుగాయనే. ఎక్కడో అకౌంటెంటుగా చేస్తూ, సాయానికి వచ్చి బల్ల వేసుకుని కూర్చున్నాడు. ఎదురుగా ఆడమనిషి నిలబడితే స్త్రీ అని రాస్తాడు, మగవాడు నిలబడితే పురుషుడని రాస్తాడు. నా మీసం ఫోటో కువైట్ బీరువాలో భద్రంగా ఉంది. చూశారా, మా యజమాని ఎంతటి దూరదృష్టి గలవాడో!

అయితే ముందు రోజే ఇద్దరు మగవాళ్ళు బురఖాలు వేసుకుని ఆడవాళ్ళ లైన్లో దొరికిపోయారు. వాళ్ళను లాగి, తన్ని, మగవాళ్ళ లైన్లో చిట్టచివరికి తోశారు. మేము దొరికినా అదే గతి. ఆడవేషం వేసిన మగవాళ్ళమని తంతారు. ఇన్నాళ్ళూ మగవేషం వేసిన ఆడవాళ్ళమండీ అని చెబితే వినే తీరిక ఎవరికుంటుంది?

నేను ఆడవాళ్ళ డేరాల దగ్గరకు పోయి నిలబడ్డాను. మొగల్తూరావిడ బకెట్టుతో బయటికొచ్చింది.

"ఏం బాబూ, ఇటొచ్చావేంటి? మగాళ్ళు రాకూడదిక్కడికి."

"టైలరు చచ్చిపోయేలా ఉన్నాడండి," అన్నాను. బయటివాళ్ళ దగ్గర మేము అలాగే మాట్లాడేవాళ్ళం.

"మా టైలరా?" అని బకెట్టు అక్కడే వదిలేసి నాతో వచ్చింది. దర్జీ నుదుటి మీద చేయి వేసి, "అయ్యో, కాలిపోతోందయ్యా. నా పచ్చ జాకెట్టుకి చేతులు కుట్టనే లేదు కదా," అంది.

దర్జీ కళ్ళు తెరవకుండానే, "సంచిలో ఉందండి. చేతులు గుండుసూదులతో పెట్టి ఉంచాను," అంది. ప్రాణాలు అరచేత పెట్టుకుని పారిపోతూ ఆ పిచ్చిది వెంట తెచ్చుకున్న ఆస్తి అది, పరాయి ఆవిడ జాకెట్టు.

నేనప్పుడు నోరు విప్పి మా సంగతి చెప్పాను. ఎలా చెప్పానో గుర్తులేదు, మాటలు ఉంటే కదా. ఆవిడ మధ్యలోనే ఆపేసింది.

"తెలుసులేవయ్యా. కొలతలు తీసేటప్పుడు చేతులు చెబుతాయి. మగాడి చేతిలో టేపుంటే మనకి తెలీదేంటి? ఇప్పుడేం కావాలి, చీరలా?"

"అవునండి."

"కట్టడం వచ్చా?"

"వచ్చండి. కుచ్చిళ్ళు కూడా బాగా వచ్చండి."

"అయితే దొరికిపోతారు. ఇన్నాళ్ళు ఇసకలో పొర్లిన ఆడది కుచ్చిళ్ళు సరిచూసుకుంటుందా? వంకరగా కట్టండి."

గదిలో అద్దం ముందు ఎన్ని శుక్రవారాలు సాధన చేశానో ఆ కుచ్చిళ్ళు. అన్నీ వృథా. తెల్ల పూలున్న నీలం నేత చీర నాకిచ్చింది, పాత పసుపు చీర దర్జీకిచ్చింది. మీసాలు గీసుకుని, జుట్టు కనబడకుండా తలల మీద కొంగు కప్పుకున్నాం. నేను గుండుసూదుల పచ్చ జాకెట్టు తొడుక్కున్నాను. అది నాలాంటివాళ్ళు ఇద్దరు పట్టేంత ఉంది. దర్జీ పడుకునే చేయి చాపి, "భుజం దగ్గర లూజుందే, రెండు కుట్లు వేస్తాను" అంది. "ముందు నువ్వు బతకవే" అన్నాను.

మర్నాడు ఉదయం లైన్లో నిలబడ్డాం. ముందు మొగల్తూరావిడ, వెనక నేను, మా ఇద్దరి మధ్య దర్జీ. నిలబడిందని అనడమే గానీ, మేము పట్టుకున్నాం కాబట్టి పడలేదు. ఎండలో బల్ల దగ్గరకు చేరేసరికి నా నోరు ఎండిపోయింది. అమ్మవారి పేరు తప్ప ఇంకేదీ నాలుక మీదికి రాలేదు.

"పేరేంటండి?" అన్నాడు అకౌంటెంటు గారు తల ఎత్తకుండా.

నేను మా అమ్మ పేరు చెప్పాను. దర్జీ వాళ్ళమ్మ పేరు కూడా నేనే చెప్పాను.

"ఊరండి?"

"నిడదవోలండి."

"ఆవిడకేమైందండి?"

"జ్వరమండి. డాక్టరు గారు ముందు పంపించమన్నారండి."

ఒక అండి ఆయన వేస్తే ఒక అండి నేను వేశాను. జన్మలో అంత హాయిగా ఎవరితోనూ మాట్లాడలేదు. ఆయన కలం స్త్రీ అని రాయడానికి వంగింది.

మా పక్కనే మగవాళ్ళకు ఊరికే అన్నం పెట్టే వరుస. పాలకొల్లు డ్రైవరు గారు అప్పుడే కంచం పుచ్చుకుని మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నారు. అంతమందికి వండిన పప్పు, చప్పగా ఉంటుంది కదా. ఆయన నన్ను చూడనైనా లేదు. పక్కవాళ్ళను నవ్వించడానికి ఆకాశం వైపు తలెత్తి, పాత అలవాటు కొద్దీ, "ఒరేయ్ వంటోడా! ఉప్పేదిరా?" అని అరిచారు.

"వస్తున్నానండీ!" అన్నాను.

అనడమే కాదు, అటు ఒక అడుగు కూడా వేశాను. చేయి గాలిలో ఉప్పు డబ్బా కోసం వెతికింది. నేను వదిలేసరికి దర్జీ కూలబడబోతే వెనకావిడెవరో పట్టుకుంది. ప్రాణం మీదికొచ్చినా డ్యూటీ మరవని ఉద్యోగి అంటే నేనే. దానికి నాకు ఏ శాలువా కప్పలేదు.

అకౌంటెంటు గారి కలం ఆగింది. తల ఎత్తి మొదటిసారి నా ముఖం చూశాడు. చేతులు చూశాడు. మెడ చూశాడు.

"ఆయన పిలిచింది వంటోణ్ణి కదండి. మీరు పలికారేంటండి?"

దర్జీ ముఖం చూశాను. అందులో రక్తం లేదు. అన్నేళ్ళు నన్ను నవ్వులపాలు చేసిన ఆ నాలుగు మాటలే ఇప్పుడు దాన్ని చంపబోతున్నాయని అర్థమైంది.

అప్పుడు నా చెంప పేలింది.

"ఒసేయ్, సిగ్గులేనిదానా!" మొగల్తూరావిడ. ఎడారి మొత్తం తిరిగి చూసింది. "మగాడెవడో కేకేస్తే పలుకుతావేంటే? ఆ అరబ్బుల కొంపలో ఊడిగం చేసింది చాలక ఇక్కడ కూడా ఉప్పు మోస్తావేంటే? ఊరెళ్ళనీ, మా తమ్ముడితో చెప్పి నీ కాళ్ళు విరగ్గొట్టిస్తాను!" అని, అదే ఊపులో బల్ల వైపు తిరిగి, "ఇది మా మరదలండి. వంట చేసీ చేసీ దీనికి బుర్ర పోయిందండి. వంటన్న మాట వినబడితే చాలు, పరిగెడుతుందండి," అంది.

చెంప మండుతోంది. కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. అందరూ దెబ్బకే అనుకున్నారు. ఒసేయ్. నలుగురిలో. అడక్కుండానే. కోపంగా. పైగా "ఇది" అని కూడా అంది. ఆడదాన్నీ వస్తువునూ ఒకే మాటతో పిలుస్తారని తెలుగు వ్యాకరణం మీద చదువుకున్న అమ్మాయిలకు చాలా కోపం. న్యాయమే. కానీ ఆ పూట ఆ మాట నా మెడలో గొలుసులా పడింది. చిన్నప్పటి నుంచీ కోరుకున్నది, ఇంత ఇరుకున పెట్టి ఇచ్చావా తల్లీ అని అమ్మవారికి అక్కడే దండం పెట్టుకున్నాను.

అకౌంటెంటు గారికి ఇంకా అనుమానం తీరలేదు. "ఏవండీ, మీరు. ఇలా రండి," అని డ్రైవరు గారిని పిలిచాడు. ఆయన కంచంతో సహా వచ్చాడు. "మీ వంటోడు ఈవిడేనాండి?"

ఆయన నన్ను చూశాడు. నీలం చీర, వంకర కుచ్చిళ్ళు, చెంప మీద వేళ్ళ అచ్చు. దర్జీని చూశాడు. గుర్తుపట్టాడు. ఎందుకు పట్టడు? ఆ నడుము మీద అన్నేళ్ళు పరిశోధన చేసినవాడు. ఆయన నోట్లో ముద్ద ఉంది. దాన్ని మింగడానికి చాలా సేపు పట్టింది. దర్జీ బతుకంతా ఆ ముద్ద వెనకాలే ఇరుక్కుంది.

మొగల్తూరావిడ కాలి చెప్పు తీసింది. "ఆడవాళ్ళని చూసి కేకలేస్తావంట్రా? అక్కాచెల్లెళ్ళు లేరంట్రా నీకు?"

"తప్పయిపోయిందండి," అన్నాడాయన. ఆవిడతో కాదు, నాతో. "మా వంటోడనుకున్నానండి. వాడు మొన్నే వేరే బస్సులో వెళ్ళిపోయాడండి. వాడి ముఖానికింత కళ ఎక్కడిదండి?"

అయినా చెప్పు ఆయన భుజం మీద పడింది. చేసిన వెక్కిరింతలకు ఆయనను ఒక్కరోజూ ఎవరూ ఏమీ అనలేదు. చేయని తప్పుకు ఆడవాళ్ళందరి ముందూ చెప్పు దెబ్బ తిన్నాడు, వంచిన తల ఎత్తకుండా వెళ్ళిపోయాడు. నాకు అండి పెట్టి మాట్లాడడం ఆయనకదే మొదలు, అదే చివర. మళ్ళీ నేనాయన్ను చూడలేదు. దీపం పెట్టినప్పుడల్లా, ఆయన ఎక్కడున్నా కూరలో ఉప్పు సరిపోవాలని కోరుకుంటాను. ఈ వయసుకు బీపీ వచ్చి ఉంటే తక్కువ వేసుకోవాలని కూడా.

అకౌంటెంటు గారు స్త్రీ అని రాశారు. రెండుసార్లు. ఆ సాయంత్రమే ఆడవాళ్ళ బస్సెక్కాం. ఎయిర్‌పోర్టులో దర్జీకి సెలైను పెట్టారు. విమానంలో కళ్ళు తెరిచి అది నాతో అన్న మొదటి మాట, "ఆ జాకెట్టు భుజం జారిపోతోంది చూసుకో." అంటే బతికిందన్నమాట. గుండుసూదులు బొంబాయి దాకా నన్ను పొడుస్తూనే ఉన్నాయి. దిగగానే ఆ కాగితాలు తీసేసుకున్నారు. మేము స్త్రీలమని మొదటిసారి ప్రభుత్వం తరపున రాసిచ్చిన కాగితాన్ని మళ్ళీ ప్రభుత్వమే దాచుకుంది. ఇంకోసారి రాసివ్వడానికి దానికి చాలా ఏళ్ళు పట్టింది. పెద్ద సంస్థ కదా, ఆలోచించుకోవాలి.

దారి పొడుగునా మొగల్తూరావిడ మమ్మల్ని ఒసేయ్ అనే పిలిచింది. అది బల్ల ముందు మొదలైన నాటకం, ఇంకా లైన్లోనే ఉన్నామన్న భయం కొద్దీ సాగుతోందని నా లెక్క. నిడదవోలు స్టేషన్లో దిగాం. నరసాపురం బండి మారడానికి ఆవిడా దిగింది. ఆవిడ కోసం భర్తా, బంధువులూ ప్లాట్‌ఫాం మీదికొచ్చి ఉన్నారు. అందరూ ఆవిడను చుట్టుముట్టి ఏడ్చి, తర్వాత మమ్మల్ని చూశారు. చూసిన చూపు మాకు అలవాటైనదే.

"ఎవరే వీళ్ళు?" అన్నాడు భర్త.

ఎడారిలో ఎవరిని మరదలన్నా చెల్లుతుంది. సొంత మనుషుల ముందు ఎవరంటారు? ఆవిడను ఇబ్బంది పెట్టడం ఇష్టంలేక నేను చేతులు జోడించి, "వెళ్ళొస్తామండి" అని దర్జీ చేయి పట్టుకుని తిరిగాను. నాలుగడుగులు వేశామో లేదో,

"ఒసేయ్!"

ప్లాట్‌ఫాం మీద టీ అమ్మేవాడు కూడా ఆగిపోయాడు.

"ఎక్కడికే పోతున్నావు, నా చీర కట్టుకుని? ఉతికి, గంజి పెట్టి, మడతేసి తెచ్చియ్యి. ఎత్తుకుపోదామనుకున్నావేమో! నువ్వూనే పొట్టిదానా, ఆ జాకెట్టుకి చేతులు కుట్టి మరీ తీసుకురా!"

ఇంతలా తిడుతోందంటే సొంత మనుషులే అయి ఉంటారనుకుని, భర్త మా సంచి అందుకుని మెట్ల దాకా మోశాడు.

నేను మళ్ళీ ప్యాంటు వేయలేదు. నిడదవోలులోనే స్టేషను దగ్గర ఒక మెస్సులో చీర కట్టుకునే వంట చేసి, మోకాళ్ళు అరిగాక మానేశాను. దర్జీ పక్క గదిలో మిషను పెట్టుకుంది. మొదట్లో నా చేతి కూర తినేది లేదని లేచిపోయినవాళ్ళు, పక్క మెస్సులో సాంబారు రుచి చూశాక వాళ్ళంతట వాళ్ళే వెనక్కి వచ్చారు. సంఘసంస్కరణలో పక్క మెస్సు సాంబారుకు ఉన్న పాత్రను ఎవరూ గుర్తించలేదు, నేనైనా గుర్తిస్తున్నాను. ఇప్పుడు గ్యాసు బండ తెచ్చే అబ్బాయి "ఆంటీ" అంటాడు. కుళాయి దగ్గర నా బిందె తోసేసి మరీ దెబ్బలాడతారు. ఇలాంటి వైభోగాలు చాలా ఉన్నాయి.

చీర సంగతి మిగిలింది. ఆ ఏడే ఉతికి, గంజి పెట్టి, మొగల్తూరు పట్టుకెళ్ళాం. ఆవిడ విప్పి చూసి, "గంజి తక్కువైంది, మళ్ళీ పెట్టి తీసుకురా" అంది. మరుసటి ఏడు ఎక్కువైంది. ఆ తర్వాత మడత బాగాలేదు. పచ్చ జాకెట్టు చేతులు మొదటిసారే నచ్చి తీసేసుకుంది, దానికి దర్జీ ఇప్పటికీ గర్వపడుతుంది. నీలం చీర మాత్రం ఏటా వెళ్ళి వస్తోంది.

ఈ ఏడు కూడా వెళ్ళాం. ఇప్పుడు ఆర్టీసీ బస్సులో ఆడవాళ్ళకు టికెట్టు డబ్బుల్లేవు, మాకూ లేవు. కండక్టరమ్మాయి కార్డులు చూసి, "కూర్చోండమ్మా" అని సున్నా రూపాయల టికెట్టు చించి ఇచ్చింది. దర్జీ దాన్ని తిప్పి తిప్పి చూసి, "ఇన్నాళ్ళూ మనల్ని సున్నా అని నోటితో అనేవాళ్ళు. ఇప్పుడు అచ్చేసి చేతికిస్తున్నారే," అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఒళ్ళో చీర ఉంది. ఇన్ని ఉతుకులకు, ఇంత గంజికి, మడత దగ్గర ఈసారి చిరిగింది. దర్జీ రఫ్ఫు కొట్టింది గానీ, గుడ్డ గుడ్డలా లేదు. పట్టుకుంటే పొడిలా ఉంది. ఆవిడ చూసి, "ఇంకెందుకులే, పారేయండి" అంటే? ఏడాదికోసారి ఆ గుమ్మం ఎక్కడానికి మాకున్న పని అదొక్కటే.

ఆవిడ అరుగు మీద కూర్చుని ఎండు చేపలు ఏరుతోంది. చూపు ఆనడం లేదట, వేళ్ళతోనే ఏరుతోంది. చీర ఒళ్ళో పెట్టాను. అలవాటుగా అంచు నుంచి తడుముకుంటూ వచ్చింది. రఫ్ఫు దగ్గర వేళ్ళు ఆగాయి.

"ఒసేయ్, చిరిగిందే."

"చిన్నదేనండి. రఫ్ఫు కొట్టాను," అంది దర్జీ.

ఆవిడ ఆ చోటు మీద బొటనవేలు అటూ ఇటూ నడిపింది. నేను ఊపిరి బిగబట్టాను. ఎడారిలో ఆ కలం ముందు కూడా ఇంత బిగబట్టలేదనుకుంటాను. ఆవిడ చీరను పాత మడతల మీదే మడిచి, తిరిగి నా ఒళ్ళోకి విసిరింది.

"చేతికి తగులుతోంది. విప్పి మళ్ళీ కుట్టి, గంజి పెట్టి తీసుకురండి. వచ్చే ఏడు దాకా ఆగక్కర్లేదు, బస్సు ఊరికేనంట కదే మీకు. రావడానికేం రోగం?"